మీ భార్య అన్న ఆ ఒక్క మాట

ప్రశ్న: మా సంఘంలో యవనస్థుల కూటాలు నడిపిస్తాను. అప్పుడప్పుడు ఆదివారం వాక్యం చెబుతాను. బాగా చెబుతానని అందరూ అంటారు. కొన్ని నెలలుగా సంఘంలోని ఒక సహోదరి నాకు ప్రార్థన మనవులు పంపుతోంది. తప్పుగా ఏమీ మాట్లాడుకోలేదు. కానీ ఆమె మెసేజ్ కోసం ఎదురుచూస్తున్నానని నాకే తెలుస్తోంది. నా భార్య పక్కకు వస్తే ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను. మాకు ఇద్దరు పిల్లలు. నా భార్యకు ఆత్మీయ విషయాల మీద ఆసక్తి తక్కువ, ఎప్పుడూ నా తప్పులే ఎంచుతుంది. ఒకసారి వాక్యం ఎలా ఉందని అడిగితే, "ఇంట్లో కూడా అలా మాట్లాడితే బాగుండు" అంది. అప్పటి నుంచి అడగడం మానేశాను. ఈ శోధన నుంచి హృదయాన్ని కాపాడుకోవడానికి ఎన్ని రోజులు ఉపవాసం ఉండాలి? ఏ వాక్యాలు ధ్యానించాలి?

జవాబు: సోదరా, ఉపవాసం సంగతి పక్కన పెట్టండి. ఎన్ని రోజులో నేను చెప్పను. ఇప్పుడున్న మనసుతో ఉపవాసం ఉంటే అదీ నలుగురికీ తెలిసి మీకు ఇంకాస్త పేరే తెస్తుంది. యేసు చెప్పిన ఉపమానంలో, దేవాలయంలో ప్రార్థన చేసిన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం తు.చ. తప్పక పాటించేవాడు, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండేవాడు, సంపాదనంతటిలో పదో వంతు ఇచ్చేవాడు. అయినా నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతను చిన్నచూపు చూసిన సుంకరే, అంటే పన్నులు వసూలు చేసేవాడే.

మీ ఉత్తరంలో ఆ సహోదరి గురించి రాసిన మాటల్లో భయం ఉంది. మీ భార్య గురించి రాసిన మాటల్లో ఫిర్యాదు ఉంది. నన్ను కలవరపెట్టింది ఆ ఫిర్యాదే.

ఆవిడ ఏమంది? ఇంట్లో కూడా అలా మాట్లాడితే బాగుండు అంది. అందులో వెటకారం ఉందేమో నాకు తెలియదు, ఆశ మాత్రం ఉంది. సంఘమంతా వింటున్న ఆ నెమ్మదైన గొంతు తనకూ కావాలని అడిగింది. మీకది తప్పులెంచడంలా వినిపించింది. అందరూ పొగుడుతుంటే ఒక్కరు నిజం చెప్పారు, ఆ ఒక్కరినీ మీరు అడగడం మానేశారు. గర్వం మీ ఇంట్లోకి వచ్చింది అక్కడే. మెచ్చుకునే మనిషి కోసం మీ మనసు ఎదురుచూడటం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

యూదా రాజైన ఉజ్జియా సంగతి మీరు ఎన్నోసార్లు బోధించే ఉంటారు. 16 ఏళ్లకే రాజై, 52 ఏళ్లు ఏలాడు. దేవుణ్ణి వెదికినంత కాలం వర్ధిల్లాడు. బలపడ్డాక మనసు గర్వించింది, యాజకులు మాత్రమే వేయాల్సిన ధూపం వేయడానికి తానే దేవాలయంలోకి వెళ్లాడు. ప్రధాన యాజకుడు అజర్యా, అతనితో 80 మంది యాజకులు ఎదురు నిలబడి ఇది నీ పని కాదన్నారు. ధూపార్తి చేతిలోనే ఉంది, అతను వాళ్ల మీద మండిపడ్డాడు. కుష్ఠు నుదుట పుట్టింది ఆ కోపంలో ఉండగానే. వద్దని చెప్పినప్పుడు వెనక్కి తిరిగి ఉంటే ఏమయ్యేదో, ఆ చోటు చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆవిడకు ఆత్మీయ ఆసక్తి తక్కువ అని ఎలా తేల్చారు? మీరు కూటాలకు వెళ్లిన సాయంత్రాలు పిల్లలకు అన్నం పెట్టి, హోంవర్క్ చేయించి, పడుకోబెట్టింది ఎవరు? అది పరిచర్య కాదని మీకు ఎవరు చెప్పారు? భార్యను సన్మానించమని భర్తలకు రాస్తూ పేతురు ఒక కారణం కూడా చెప్పాడు: "మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు". ఆవిడ్ని చిన్నచూపు చూస్తూ మీరు చేసే ప్రార్థన ఎంత దూరం వెళ్తుందో ఆలోచించండి.

ఇక ఆ సహోదరికి ఒక్క మెసేజ్ పంపండి: ఇకపై ప్రార్థన మనవులు పాస్టరమ్మగారికి చెప్పమని. అంతే. నా మనసు చలించింది, అందుకే దూరమవుతున్నాను అని వివరణ ఇచ్చారో, అదే కొత్త ముచ్చటకు మొదలవుతుంది. ఆమెను తప్పుపట్టే పని కూడా పెట్టుకోకండి. పాపం, ఆమె ప్రార్థనే అడిగింది.

పాస్టరుగారిని మీరే కలిసి విషయం చెప్పండి. కొన్నాళ్లు వాక్యం చెప్పే బాధ్యత వద్దని అడగండి. మెసేజ్‌లు ఆగిపోవడం కంటే ఇదే మీకు ఎక్కువ టెన్షన్‌గా అనిపిస్తే ఆ పని ఇంకా త్వరగా చేయండి. "తాను నిలుచుచున్నానని తలంచుకొనువాడు పడకుండునట్లు జాగ్రత్తగా చూచుకొనవలెను" అని పౌలు రాసింది విశ్వాసులకే.

వీటన్నిటికంటే ముందు మీ భార్యతో మాట్లాడాలి. పిల్లలు పడుకున్నాక ఫోన్ ఆవిడ చేతికివ్వండి. ఎదురుచూస్తున్నానన్న మాట కూడా దాచకండి, నాకు రాసినట్టే చెప్పండి. ఆవిడ ఏడవచ్చు, అరవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. క్షమించాలి కదా అని వాక్యం ఎత్తకండి, ఆ హక్కు ఇప్పుడు మీకు లేదు. మనసు తీరా చెప్పుకోవడానికి పెద్దవాళ్లెవరైనా కావాలంటే, ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆవిడనే ఎంచుకోనివ్వండి. మీరు వెంట వెళ్లండి, అక్కడ ముందు ఆవిడను మాట్లాడనివ్వండి.