గైడ్ డాగ్ కాబోయే కుక్కపిల్లను ముందు ఇంట్లో ఎందుకు పెంచుతారు?

అమెరికాలో 1929లో మొదలైన ‘ది సీయింగ్ ఐ’ సంస్థ చూపులేనివారికి గైడ్ డాగ్‌లను ఇస్తుంది. ఏడెనిమిది వారాల కుక్కపిల్లను ముందు ఒక వాలంటీరు కుటుంబానికి అప్పగిస్తుంది. దారి చూపడం నేర్పేది వీళ్లు కాదు. ఏడాది దాటాక ట్రైనర్లు నేర్పుతారు. ఇంటివాళ్ల పని దాన్ని లోకానికి అలవాటు చేయడం: బస్సు హారన్, మెట్లు, నున్నటి గచ్చు, గొడుగు వేసుకున్న మనిషి, గోల చేసే పిల్లలు. బలవంతంగా మాత్రం లాక్కెళ్లకూడదు. భయపడితే కాస్త దూరం జరిగి, కుదుటపడ్డాక మెచ్చుకుని, దాని అంతట దాన్నే దగ్గరికి రానివ్వాలి. చిన్నప్పుడు పట్టుకున్న భయం పెద్దయ్యాక వదిలించడం చాలా కష్టం. మనం తింటూ దానికి పెట్టకపోవడమూ ముఖ్యమే; హోటల్లో నేల మీది మెతుకుల కోసం వెతికే కుక్క మనిషిని సరిగా నడిపించలేదు. దారిలో ఇలాంటి కుక్కపిల్ల కనబడితే, ఎంత ముద్దొచ్చినా, అడగకుండా చెయ్యి వేయకండి.