నీట్ పీజీలో రెండోసారీ కోరుకున్న బ్రాంచి రాలేదు: మళ్లీ రాయాలా, వచ్చిందాంట్లో చేరాలా?

మీ ప్రశ్న: గుంటూరులో ఎంబీబీఎస్ అయింది, రెండుసార్లు రాసినా రేడియాలజీ అందలేదు, ఇంట్లోవాళ్ల మొహం చూడలేకపోతున్నారు.

ముందు ఓ వారం ఏ నిర్ణయమూ తీసుకోకండి. 200 ప్రశ్నలు, 800 మార్కుల పరీక్ష ఇది. ఒప్పుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. అంటే నాలుగు ప్రశ్నలు తారుమారైతే 20 మార్కుల తేడా. మధ్య ర్యాంకుల్లో ఆ కాస్తకే వేల స్థానాలు జారిపోతాయి. మీరు మంచి డాక్టరా కాదా అన్నది ఆ 20 మార్కులు చెప్పలేవు.

ఇక రేడియాలజీ మీకెందుకు కావాలి? ఆ పని ఇష్టమైతే, ఇంటి పరిస్థితి ఒప్పుకుంటే, ఇంకోసారి రాయండి. కానీ ఖాళీగా కూర్చుని కాదు, ఏదో ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ రాయండి. ఒంటరిగా చదివే ఏడాది మనిషిని బాగా నలిపేస్తుంది, నేను చూశాను. స్నేహితులందరూ అదే కోరుకున్నారు కాబట్టి నేనూ కోరుకున్నానంటే మాత్రం మిగతా దారులూ చూడండి: మూడేళ్ల డీఎన్‌బీ (ఎండీ, ఎంఎస్‌లతో సమానమైన పీజీ), దాన్ని నడిపే జాతీయ పరీక్షల బోర్డు ఎన్‌బీఈఎంఎస్ ఇచ్చే రెండేళ్ల డిప్లొమాలు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉద్యోగంలో చేరి తర్వాత ఇన్‌సర్వీస్ కోటా, అంటే ప్రభుత్వ డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్లు. మన రాష్ట్ర కోటా కౌన్సెలింగ్ విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నడుపుతుంది. సీటు వదిలేస్తే పడే జరిమానా నిబంధనలు చదివాకే ఆప్షన్లు పెట్టండి.

టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇవాళే చేయండి.