ఏజెంట్ చేతికి ప్యాడ్ ఎప్పుడివ్వాలి

చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. రేసింగ్ గేమ్‌లో కారు నడపడం ఏఐ ఏజెంట్‌కి (తానే ఆడుతూ నేర్చుకునే ప్రోగ్రామ్‌కి) నేర్పుతున్నావని తెలిసి సంతోషం. రాత్రి ట్రైనింగ్ పెట్టి పడుకుంటే, పొద్దున్నకి అది సెట్టింగ్స్ పేజీలో తిరుగుతూ కనిపించిందని రాశావు. ఈ పనిలో దిగిన ప్రతివాళ్లకీ అయ్యేదే, టెన్షన్ పడకు. గేమ్ టెస్టింగ్‌లో ఇన్నేళ్లు గడిపాక నేను గట్టిగా చెప్పేది ఒకటే: మెనూల పని ఏజెంట్‌కి అప్పగించకు. కారు స్టార్టింగ్ లైన్ మీదకు వచ్చాకే ప్యాడ్, అంటే గేమ్ కంట్రోలర్, దాని చేతికివ్వు. రేసు అవ్వగానే లాక్కో. అక్కడికి తీసుకెళ్లడం, తిరిగి తీసుకురావడం ఎప్పుడు ఏ బటన్ నొక్కాలో నువ్వు రాసిపెట్టే మామూలు స్క్రిప్ట్ చూసుకుంటుంది. ఏజెంట్ నేర్చుకునేది తోచిన బటనల్లా నొక్కి చూసే కదా. ట్రాక్ మీద అలా నొక్కితే కారు గోడకి గుద్దుకుంటుంది, అంతే. మెనూలో అయితే భాష మారిపోవచ్చు, సేవ్ ఫైలే ఎగిరిపోవచ్చు.

అసలు మెనూలోకే వెళ్లకుండా పని జరుగుతుందేమో ముందు చూసుకో. ట్రాక్‌మేనియా అనే రేసింగ్ గేమ్ మీద ఇన్ని ఏఐ ప్రయోగాలు జరగడానికి ఒక కారణం, అందులో ఒక్క బటన్ నొక్కితే రేసు మొదటికి వస్తుంది. ఎమ్యులేటర్‌లో (పాత గేమ్ మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) నడిచే పాత గేములైతే ఇంకా సుఖం. సేవ్ స్టేట్, అంటే ఆటని ఉన్నదున్నట్టు దాచిన ఫైల్, లోడ్ చేస్తే చాలు, టైటిల్ స్క్రీన్ మొహం కూడా చూడక్కర్లేదు. పాత గేములు ఏజెంట్లకి నేర్పడానికి ఓపెన్‌ఏఐ వాళ్లు చేసిన జిమ్ రెట్రో నడిచింది ఆ పద్ధతిలోనే. నీది మామూలు పీసీ గేమ్ కాబట్టి ఆ అదృష్టం లేదు, కానీ పాజ్ మెనూలో ‘రీస్టార్ట్’ ఉందేమో చూడు. ఉంటే రిజల్ట్స్ నుంచి మెయిన్ మెనూ దాకా వెళ్లి రావడం తప్పుతుంది.

ఇక ప్యాడ్ సంగతి. ఏజెంట్ చేతికిచ్చేది ప్రోగ్రామ్ సృష్టించే ఉత్తుత్తి ప్యాడ్. దానికోసం విండోస్‌లో నువ్వు వాడుతున్న వీగేమ్‌ప్యాడ్ అనే పైథాన్ లైబ్రరీ మంచిదే. దాని కింద ఉండే విగెమ్‌బస్ డ్రైవర్ విండోస్‌కి నిజమైన ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్ తగిలించినట్టే చూపిస్తుంది. లైనక్స్‌కి మారితే ఇదే పని దాని కెర్నెల్‌లో (సిస్టమ్ గుండెకాయలో) ఉండే యూఇన్‌పుట్ అనే భాగం చేసిపెడుతుంది. వీగేమ్‌ప్యాడ్‌లో బటన్ నొక్కమని రాసినంత మాత్రాన గేమ్‌కి ఏమీ వెళ్లదు, అప్‌డేట్ అనే ఆజ్ఞని పిలిచినప్పుడే వెళ్తుంది. వదిలేటప్పుడూ అంతే.

నువ్వు ‘ఒక్కోసారి నొక్కుడు పడట్లేదు’ అన్నది ఎక్కువగా టైమింగ్ గొడవ. గేమ్ సాధారణంగా ఫ్రేముకోసారి, అంటే తెర మీద కొత్త బొమ్మ గీసినప్పుడల్లా, ప్యాడ్ వంక చూస్తుంది. సెకనుకి 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. రెండు చూపుల మధ్యలో నొక్కి వదిలేస్తే గేమ్ దృష్టిలో అసలు ఏమీ జరగలేదు. ట్రైనింగ్ భారానికి ఫ్రేములు 30కి పడిపోతే ఈ సందు రెట్టింపవుతుంది. 100 మిల్లీసెకన్లు నొక్కిపెట్టు, వదిలాక మళ్లీ అంతసేపు ఆగు. మెనూలో అటూ ఇటూ వంచే స్టిక్ జోలికి పోకు, డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్లు) వాడు. స్టిక్ విలువలు మైనస్ 32768 నుంచి 32767 దాకా ఉంటాయి. ఎంత తోస్తే కదిలినట్టో గేమ్ గేముకీ మారుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నీ స్క్రిప్ట్‌లో ‘ఏ నొక్కు, 5 సెకన్లు ఆగు, మళ్లీ ఏ నొక్కు’ అని వరసగా ఉంది (ఏ అంటే ప్యాడ్ మీద సరే అనే A బటన్). కళ్లకు గంతలు కట్టుకుని మెట్లు దిగడం అది. రిజల్ట్స్ స్క్రీన్‌లో ఏం జరుగుతుందో చూడు. ‘ఏ’ నొక్కావు, డిస్క్ నెమ్మదించి తర్వాతి స్క్రీన్ 6 సెకన్లకి వచ్చింది. నీ రెండో ‘ఏ’ 5వ సెకనులోనే పాత స్క్రీన్ మీద వృథా అయింది. ఇక స్క్రిప్ట్ ఒక మెట్టు ముందుంది, గేమ్ ఒక మెట్టు వెనక ఉంది. తర్వాత పడే ప్రతి నొక్కుడూ తప్పు చోటే. సెట్టింగ్స్ పేజీకి దారి అదే.

కాగితం మీద నీ గేమ్‌లోని స్క్రీన్లన్నీ రాసుకో. ఒక్కో స్క్రీన్‌కీ ఒక గుర్తు ఎంచుకో, కదలని శీర్షికలాంటిది. వెనక తిరిగే కారు బొమ్మ, మెరిసే బటన్ పనికిరావు. ఆ చిన్న ముక్క కత్తిరించి పెట్టుకుని బొమ్మల్ని పరిశీలించే ఓపెన్‌సీవీ లైబ్రరీలో టెంప్లేట్ మ్యాచింగ్‌తో, అంటే ఆ ముక్క స్క్రీన్‌లో ఎక్కడుందో పోల్చి చూసే పద్ధతితో, వెతుకు. స్క్రిప్ట్ తీసే స్క్రీన్ ఫొటోల్లో వరసగా రెండింటిలో కనబడ్డాకే నొక్కు, ఎందుకంటే స్క్రీన్ ఇంకా తేలుతూ వస్తుండగా చాలా గేములు నొక్కుడిని మింగేస్తాయి. నొక్కాక తర్వాతి గుర్తు కోసం ఎదురుచూడు. గడువులోగా రాకపోతే గుడ్డిగా ఇంకోసారి నొక్కకు, ఇప్పుడు ఏ స్క్రీన్‌లో ఉన్నామని మొదటినుంచి వెతుకు. రిజల్యూషన్, భాష ఒకే దగ్గర బిగించేయి, లేకపోతే ముక్కలన్నీ మళ్లీ కత్తిరించాలి.

‘కిందికి మూడుసార్లు’ అని లెక్కపెట్టుకోవడం కూడా మానెయ్. కొన్ని మెనూలు పోయినసారి ఆగిన వరుసని గుర్తుపెట్టుకుంటాయి. హైలైట్ ఏ వరుస మీద ఉందో రంగు చూసి తెలుసుకుంటూ ఒక్కో అడుగు వెయ్యి.

ఇంకో చిలిపి సమస్య ఉంది. టేబుల్ మీద మౌస్ కాస్త కదిలితే చాలు, కొన్ని గేములు స్క్రీన్ కింద చూపించే ‘ఏ’ బొమ్మ తీసేసి ‘ఎంటర్’ బొమ్మ పెడతాయి. నీ గుర్తు అదే అయితే స్క్రిప్ట్ అక్కడే కూర్చుండిపోతుంది, నువ్వేమో కోడ్ అంతా తిరగేస్తావు. బటన్ బొమ్మలని గుర్తుగా పెట్టుకోకు, మౌస్ పక్కన పెట్టు.

తెలియని స్క్రీన్ ఎదురైతే మాత్రం ‘ఏ’ జోలికి వెళ్లకు. కొనుగోలు ఖాయం చేసుకునేది, సేవ్ చెరిపేసేది అయినా కావచ్చు. ముందు స్క్రీన్‌షాట్ దాచు, తర్వాత నెమ్మదిగా వెనక్కి తీసుకెళ్లే ‘బీ’ కొట్టి చూడు, తెలిసిన చోటు రాకపోతే గేమ్‌ని మూసి మళ్లీ తెరువు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, టెస్టింగ్‌లో మేమూ చివరికి చేసేది అదే. (ప్లేస్టేషన్ ప్యాడ్ అనుకరిస్తే జాగ్రత్త, పాత జపాన్ గేముల్లో సరే అనడానికి గుండ్రం బటన్. ఇంటూ గుర్తుకి అక్కడ కూడా మారింది 2020లో పీఎస్5 వచ్చాకే.)

ప్యాడ్‌ని సృష్టించే ప్రోగ్రామ్ విడిగా నడవనీ. ట్రైనింగ్ స్క్రిప్ట్ కూలితే ప్యాడ్ కూడా మాయమై, ‘కంట్రోలర్ ఊడింది’ అనే పాపప్ గేమ్ మీద కూర్చుంటుంది. అసలు ప్యాడ్ తీసి సొరుగులో పెట్టు, లేకపోతే గేమ్ దాన్నే మొదటి ఆటగాడిగా తీసుకోవచ్చు. ఒక నొక్కుడు రెండుగా పడుతుంటే గేములు నడిపే స్టీమ్ యాప్‌లో ఆ గేమ్‌కి స్టీమ్ ఇన్‌పుట్ (ప్యాడ్ నొక్కుళ్లని మధ్యలో అందుకుని మార్చే సెట్టింగ్) ఆపి చూడు.

ఆన్‌లైన్ రేసుల వైపు మాత్రం వెళ్లకు. మోసాల్ని పట్టుకునే యాంటీ చీట్ ఉన్నచోట, మనిషి బదులు ఆడే బాట్ దొరికితే అకౌంట్ పోతుంది, పైగా అవతల ఆడుతున్నది మనుషులు.

ఈ వారం ఏజెంట్‌ని పూర్తిగా పక్కన పెట్టి, స్క్రిప్ట్ ఒక్కదాన్నే రాత్రంతా నడిపించు: రేసు మొదలు, వెంటనే పాజ్, బయటికి, మళ్లీ రేసు. తెలియని స్క్రీన్ల ఫోల్డర్‌లో ఏమేం పడ్డాయో నాకు పంపు. ఆదివారం ఫోన్‌లో కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

మీ నాన్నని అడిగానని చెప్పు.

పెదనాన్న