టెక్ సందేహాలు: సున్నా అడ్రస్ చదవగానే బూట్‌లోడర్ రీసెట్

ప్రశ్న: సొంతంగా రాసుకున్న 32 బిట్ బయాస్ బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రామ్) సున్నా అడ్రస్‌లోని ఇంటరప్ట్ వెక్టర్ టేబుల్‌ను, అంటే ఏ ఇంటరప్ట్ వస్తే ఎక్కడికి దూకాలో చెప్పే పట్టికను చదవాలి. ఆప్టిమైజేషన్ లేకపోతే బాగానే నడుస్తోంది. కంపైలర్‌కు ఓ2 అనే ఆప్టిమైజేషన్ స్థాయి పెట్టగానే క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో రీసెట్ అవుతోంది. ఆ రీడ్‌ను తీసేయొద్దని కంపైలర్‌కు చెప్పే వోలటైల్ పెట్టినా అంతే.

జవాబు: ఈ రీసెట్‌కు మూలం హార్డ్‌వేర్ కాదు, జీసీసీ కంపైలర్ పెట్టిన ట్రాప్. నల్ పాయింటర్‌ను, అంటే సున్నా అడ్రస్‌ను చూపే పాయింటర్‌ను చదవడం చెల్లదని దాని లెక్క. అందుకే ఓ2లో ఆ రీడ్ వెనకే యుడి2 (కావాలనే ఇన్వాలిడ్ ఓప్‌కోడ్ ఎక్సెప్షన్ తెచ్చే) ఇన్‌స్ట్రక్షన్ పెట్టి, మిగతా కోడ్‌ను కోసేస్తుంది. వోలటైల్ ఆ రీడ్‌ను కాపాడుతుందే తప్ప వెనకున్న యుడి2ను ఆపలేదు. మీ లోడర్ ఇంకా ఐడీటీ (ఎక్సెప్షన్లను ఎవరు చూసుకోవాలో చెప్పే పట్టిక) పెట్టుకోకపోతే ఇన్వాలిడ్ ఓప్‌కోడ్ కాస్తా జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్, డబుల్ ఫాల్ట్, ఆపై సీపీయూను రీసెట్ చేసే ట్రిపుల్ ఫాల్ట్ అవుతుంది. క్యూఈఎంయూను ‘-డి ఇంట్ -నో-రీబూట్’తో నడపండి. లాగ్‌లో వి=06 (ఇన్వాలిడ్ ఓప్‌కోడ్), ఆ వెంటనే వి=0డి (జనరల్ ప్రొటెక్షన్), వి=08 (డబుల్ ఫాల్ట్) కనబడితే, డిస్అసెంబ్లీలో యుడి2 బైట్లైన 0ఎఫ్ 0బి వెతకండి.

మందు: ‘-ఎఫ్‌నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్’ అనే జీసీసీ ఫ్లాగ్. దిగువ మెమరీని ముట్టుకునే ఫైళ్లకు మాత్రమే ఇస్తే చాలు. జీసీసీ 12 నుంచి ఇంకో తలనొప్పి ఉంది: స్థిరమైన అడ్రస్ 4096 కన్నా తక్కువైతే అర్రే-బౌండ్స్ (అర్రే హద్దు దాటారనే) వార్నింగ్ ఇస్తుంది. ఈబీడీఏ (బయాస్ అదనపు డేటా ప్రాంతం) సెగ్మెంట్ ఉండే హెక్స్ 40ఇ దగ్గర ఇది ఎదురుకావచ్చు. వార్నింగ్ నోరు మూయించే బదులు ‘--పారామ్=మిన్-పేజ్‌సైజ్=0’ ఇవ్వండి. లేదా లైనక్స్ కెర్నెల్‌లోని అబ్సల్యూట్_పాయింటర్ మాక్రో తరహాలో, ఖాళీ ఇన్‌లైన్ అసెంబ్లీ గుండా పాయింటర్‌ను పంపి, దాని విలువ కంపైలర్‌కు తెలియకుండా చేయండి. నా ఓటు రెండోదానికి. బిల్డ్ ఫ్లాగ్ ఎవరైనా మార్చినా కోడ్ నిలబడుతుంది.

అసలు భయపడాల్సింది ట్రాప్ లేని చోట. రియల్ మోడ్‌లో (మెమరీ రక్షణ లేని, సీపీయూ మొదలయ్యే 16 బిట్ మోడ్) పొరపాటున నల్ పాయింటర్ మీద 64 బైట్లు సున్నా చేశారనుకోండి. ఏ ఎక్సెప్షనూ రాదు. వెక్టర్‌కు 4 బైట్ల చొప్పున మొదటి 16 వెక్టర్లు ఎగిరిపోతాయి. సున్నా నుంచి లెక్కిస్తే వాటిలో టైమర్‌ది 8వ నంబరు, కీబోర్డ్‌ది 9వ నంబరు. సెకనుకు సుమారు 18 సార్లు టైమర్ మోగుతుంది కాబట్టి, ఇంటరప్టులు తెరిచి ఉంటే మరుసటి టిక్‌కే సీపీయూ 0000:0000కి దూకుతుంది. తప్పు జరిగిన చోటు ఒకటి, కూలే చోటు ఇంకొకటి.

ఇలాంటి తప్పు జరిగిన చోటే దొరకాలంటే, పేజింగ్ (మెమరీని పేజీలుగా మ్యాప్ చేసే పద్ధతి) ఉంటే ముందు బయాస్ డేటాను కాపీ చేసుకుని, మొదటి 4 కేబీ పేజీ ఎంట్రీలో ప్రెజెంట్ బిట్ తీసేసి, టీఎల్‌బీ (సీపీయూ దాచుకునే పేజీ మ్యాపింగ్‌ల కాష్) ఎంట్రీని ఇన్‌వాలిడేట్ చేయండి. 2 ఎంబీ పేజీ వాడుతుంటే ముందుగా దాన్ని 4 కేబీవి 512 ముక్కలు చేయాలి.

ప్రశ్న: గ్నూ-ఈఎఫ్ఐ (యూఈఎఫ్ఐ ప్రోగ్రామ్‌లు రాసే లైబ్రరీ)తో రాసిన 64 బిట్ లోడర్ ఒక మెషీన్‌లో పేజ్ ఫాల్ట్ ఇస్తోంది, ఫాల్ట్ అయిన అడ్రస్ ఉండే సీఆర్2 రిజిస్టర్‌లో హెక్స్ 40 కనిపిస్తోంది. ఫర్మ్‌వేర్ లోపమా?

జవాబు: కాదు, ఆ ఫర్మ్‌వేర్ మీకు మేలే చేస్తోంది. పేజీ సున్నాను అది అన్‌మ్యాప్ చేసినట్టుంది. హెక్స్ 40 అంటే ఫర్మ్‌వేర్ ఇచ్చే సిస్టమ్ టేబుల్‌లో, తెర మీద రాసే సేవ అయిన కాన్‌అవుట్ ఆఫ్‌సెట్. అంటే ఆ టేబుల్‌ను చూపే ఎస్‌టీ పాయింటరే నల్‌గా ఉండాలి. దాన్ని నింపే ఇనిషియలైజ్‌లిబ్ ఫంక్షన్‌ను పిలవడం మరిచారేమో చూడండి. హెక్స్ 60 వచ్చి ఉంటే అదే టేబుల్‌లోని బూట్‌సర్వీసెస్ అనుకోవాలి.

ఈడీకే2 (యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్)లో మీరే క్యూఈఎంయూ కోసం ఓవీఎంఎఫ్ ఫర్మ్‌వేర్ బిల్డ్ చేసుకుంటే, నల్ పాయింటర్లను పట్టే సెట్టింగ్ అయిన పీసీడీ-నల్-పాయింటర్-డిటెక్షన్-ప్రాపర్టీ-మాస్క్ విలువ 1 పెట్టి టెస్ట్ చేయండి. బిట్ 7 కూడా పెడితే ఎండ్-ఆఫ్-డీఎక్స్ఈ (ఫర్మ్‌వేర్ డ్రైవర్ల దశ ముగింపు) తర్వాత తనిఖీ ఆగిపోతుంది. మీ లోడర్ నడిచేది ఆ తర్వాతే కాబట్టి దాన్ని పెట్టొద్దు.