పెరటి కోళ్లు పక్కింటి మీద పడకుండా ఎలా పెంచాలి?

మీరు అడిగింది ఇదీ: 200 గజాల స్థలంలో ఇల్లు, పన్నెండు నాటు పెట్టలు, రెండు పుంజులు. పక్కవాళ్ల తోటకూర మడిని కోళ్లు గీకేస్తున్నాయి, వాళ్ల అరుగు మీద రెట్టలు వేస్తున్నాయి, పుంజులు తెల్లారకముందే కూస్తున్నాయి. వాళ్లు పెద్దమనుషుల్లో పెడతామంటున్నారు. రోజంతా గూట్లో మూసి పెంచడానికి మీకు మనసొప్పడం లేదు.

కంచె సంగతి తర్వాత. ముందు గూడు తలుపు తీసే వేళ మార్చండి. పెట్టలు చాలావరకు పొద్దున పదకొండు లోపే గుడ్డు పెట్టేస్తాయి. తెల్లారగానే వదిలితే చాటు వెతుక్కుంటూ పక్కింటి గడ్డివాములో దూరతాయి, లేదంటే కట్టెల మోపు వెనక చేరతాయి. ఆ గుడ్డు ఎవరిదన్న దగ్గరే సగం తగవులు పుడతాయి. పదకొండు దాటాక వదిలితే గుడ్లు మీ గూట్లోనే పడతాయి. ఇప్పటికే మాట పట్టింపులు వచ్చాయి కాబట్టి మీరు కొన్నాళ్లు సాయంత్రం నాలుగింటికే వదలండి. చీకటి పడటానికి రెండు గంటలే ఉంటుంది గనక అవి దూరం పోవు, ఎవరూ తోలకుండానే గూటికి చేరతాయి. వడ్లో మిరపకాయలో ఆరబోసిన రోజుల్లో మాత్రం వాళ్లు ఎత్తుకునేదాకా తలుపు తీయకండి.

అంతసేపు మూసి ఉంచాలంటే గూడు ముందు వలతో చిన్న దొడ్డి కావాలి. కోడికి 4 చదరపు అడుగులు వేసుకుంటే మీకు 8 అడుగులకు 7 అడుగుల దొడ్డి సరిపోతుంది. అందులో నీడ, నీళ్లు, ఒక మూల బూడిద, ఇసుక కలిపిన గుంట ఉండాలి. ఆ గుంట లేకపోతే మట్టిలో పొర్లడానికి పక్కవాళ్లు నీళ్లు పెట్టి గుల్లచేసిన మడికే పోతాయి. గుడ్డు పెట్టడానికి నాలుగైదు పెట్టలకొక గంప చొప్పున మూడు గంపలు, అడుగు వెడల్పువి, వరిగడ్డి పరిచి చీకటిగా ఉన్న వైపు పెట్టండి. బయట పెట్టే అలవాటు పడ్డ పెట్టను వారం రోజులు అసలు వదలకుండా ఉంచితే దారికొస్తుంది.

తిండి లెక్క చాలామంది తప్పుతారు. పెద్ద పెట్ట రోజుకు 100 గ్రాముల దాకా తింటుంది. మధ్యాహ్నానికి ముందే వదిలితే బయట ఏరుకునేది పోను 50 గ్రాములు మనం పెట్టాలి. నాలుగింటికి వదిలేటప్పుడు 80 గ్రాములకు తగ్గకూడదు. మూడో వంతు పొద్దున, మిగతాది పొద్దు వాలాక గూట్లోపలే వేయండి. నూకల డబ్బా గలగలలాడించి వేయడం అలవాటు చేస్తే, వారం పది రోజుల్లో ఆ చప్పుడుకే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాయి. గింజలు ప్రహరీ పొడుగునా చల్లడం మాత్రం మానుకోండి, గోడ ఎక్కడం అక్కడే నేర్చుకుంటాయి. తోటకూరో మునగాకో కట్టగట్టి కోడి తల ఎత్తున తాడుకు వేలాడదీస్తే పొడుచుకు తింటూ చాలాసేపు అక్కడే ఉంటాయి.

అరుగు మీద రెట్టలకు అసలు కారణం చాలా ఇళ్లలో అంట్లు తోమే చోటు. అక్కడ పడే మెతుకుల కోసం కోడి రోజూ పోతుంది, తిన్నాక దగ్గర్లో నీడ ఉన్న అరుగెక్కి కూర్చుంటుంది, కూర్చున్న చోట రెట్ట వేస్తుంది. ఎన్నిసార్లు ఉష్ అన్నా మెతుకులు ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది. ఆ ఇంటావిడతో "వదినా, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు ఈ బకెట్లో వేయండి, రోజూ నేనే వచ్చి తీసుకెళ్తా" అని ఒక మూత బకెట్ ఇచ్చి చూడండి. వాళ్ల ఇంటి దగ్గర మెతుకు పడదు, మీకు దాణా కలిసొస్తుంది. పులిసిందీ, పచ్చడి ఉప్పు తగిలిందీ కోళ్లకు వేయకండి.

ఇక మడి. కోడి తినే ఆకు కన్నా కాళ్లతో గీకి పెకలించే మొలకలే ఎక్కువ. మొక్క జానెడు ఎత్తు పెరిగేదాకే భయం. మీ ఖర్చుతో కోళ్ల జాలీ కొని ఆ మడి మీద నేలకు ఆనించి పరిచి రండి. కదిలే తీగ మీద నడవడం కోడికి నచ్చదు, మొలకలేమో కన్నాల్లోంచి పైకొస్తాయి. మొలకలు మరీ పెరగకముందే జాలీ తీసేయాలి, లేకపోతే తీసేటప్పుడు కాడలు తెగుతాయి. చుట్టూ రేగు కంప వేసినా పనవుతుంది కానీ, నీళ్లు పెట్టేవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటే అది ఇంకో గొడవ.

కంచెకు నాలుగడుగులు చాలవు. తేలికైన నాటు పెట్ట ఆ ఎత్తు అవలీలగా దాటుతుంది. ఆరడుగుల నైలాన్ వల కట్టండి, పైన కర్రగానీ పైపుగానీ పెట్టకండి. కోడి ఒక్క ఊపున అవతలికి ఎగరదు. ముందు పైన కాలు మోపే చోటు చూసుకుని ఎక్కుతుంది, అక్కణ్నుంచి దూకుతుంది. వల పై అంచు వదులుగా ఊగుతుంటే ఎక్కడానికి వెనకాడుతుంది. గోడ పక్కనున్న కట్టెలు, డ్రమ్ములు, వంగిన కొమ్మలు తీసేయండి. అయినా దాటే ఒకటి రెండు పెట్టలకు రెక్క కత్తిరించాలి. ఒక రెక్కకే. రెండు వైపులా కత్తిరిస్తే తూకం కుదిరి మళ్లీ ఎగరగలదు. రెక్క విప్పి చివరనున్న పది పొడుగు ఈకలను, వాటి మీద కప్పినట్టుండే పొట్టి ఈకల అంచు దాకా కత్తెరతో తీయాలి. కాడ నల్లగా, నీలంగా కనిపించే లేత ఈక జోలికి పోవద్దు. దానిలో రక్తం ఉంటుంది, తెగితే కారుతూనే ఉంటుంది. ఈకలు రాలి కొత్తవి వచ్చాక మళ్లీ చూసుకోవాలి.

పిల్లలకోడి సంగతి వేరు. అది గీకినంతగా ఏ కోడీ గీకదు, రెండంగుళాల కన్నంలోంచి పిల్లలు అవతల పడితే తల్లి కంచె మీద విరుచుకుపడుతుంది. నెల నిండేదాకా గంప కింద కమ్మి మీ కళ్లముందే మేపుకోండి.

కూత విషయంలో మీకు చేదు మాట చెప్పాలి: రెండో పుంజును అమ్మేయండి. పన్నెండు పెట్టలకు ఒకటి చాలు, గుడ్లు తినడానికే అయితే అదీ అక్కర్లేదు, పుంజు లేకున్నా పెట్ట గుడ్డు పెడుతుంది. చీకట్లో ఉంచితే కూయదన్నది సగమే నిజం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో పుంజులను ఎప్పుడూ మసక వెలుతురులోనే ఉంచి చూస్తే, తెల్లవారే వేళకు అవి వాటంతటవే కూశాయి. గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుందని, మిగతావి దాని వెనక అందుకుంటాయని 2015లో తేల్చారు. అందుకే ఒకటే ఉంటే పోటీ కూతలు తగ్గుతాయి. గూటికి గోనెపట్టాలు కట్టి, పక్కవాళ్ల పడకగది కిటికీకి దూరంగా, మీ ఇల్లు అడ్డం వచ్చే వైపుకు మార్చండి. ఆ కాస్త దూరమే వాళ్లకు నిద్ర మిగులుస్తుంది. మీ పుంజు పందెం జాతిదైతే వదలనే వద్దు, పక్కింటి పుంజుతో తలపడితే ఒకటి చచ్చేదాకా ఆగవు.

వాసనకు కారణం తడి. ఉమ్మడి గోడకు ఆనించి గూడు కట్టకండి. కింద రెండు మూడంగుళాల వరి ఊక పోసి, దండెల (రాత్రి కోళ్లు ఎక్కి కూర్చునే కర్రల) కిందకి చేరిన రెట్టలను వారానికి రెండుసార్లు ఎత్తేయండి. ఎండాకాలంలో ఈగ గుడ్డు నుంచి ఈగ అవడానికి పది రోజులు కూడా పట్టదు, వారానికి రెండుసార్లు ఎత్తితే ఆ లెక్క తెగిపోతుంది. తడిసిన ఊక మీద సున్నం చల్లితే కంపు ఇంకా లేస్తుంది, అమ్మోనియా అప్పుడే బయటికొస్తుంది. తడిది తీసేసి పొడి ఊక పోయడమే మార్గం.

పక్కవాళ్లకూ కోళ్లుంటే "మీ కోళ్ల వల్లే మావి చచ్చాయి" అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కొక్కెర తెగులు కలిసి తిరిగే కోళ్లలో ఇట్టే పాకుతుంది. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా కంటి చుక్క, ఎనిమిది వారాలకు ఆర్‌2బి టీకా సూది వేయించాలి. ఈ సూది టీకా సీసాలో మామూలుగా 100 డోసులు వస్తాయి, కలిపాక ఐసు మీద పెట్టి గంట రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయడమే. మీ కాసిని కోళ్లకు ఒక సీసా దండగ. వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకేరోజు వేయించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఆ మాటా రాదు. ఎవరి కోడి ఏదో తెలియడానికి కాలికి రంగు ప్లాస్టిక్ రింగు వేయండి. దారం కట్టకండి, ఎదిగే కోడికి కాలు కోసుకుపోతుంది.

కోడి హఠాత్తుగా చస్తే అన్నంలో గుళికల మందు కలిపారని వెంటనే ఎవరి మీదా పడకండి. పురుగుమందు కొట్టిన ఆకు తిన్నా చస్తుంది, తెగులొచ్చినా చస్తుంది. పాడవకముందే కవర్లో చుట్టి, ఐసు పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి కోయించి చూడమనండి. నిజంగా విషమే అని తేలితే అది నేరం. భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అటువైపు వాళ్లు మీ కోళ్లను బందెలదొడ్డిలో పెట్టిస్తామంటే అది కుదరదు. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం (క్యాటిల్ ట్రెస్‌పాస్ యాక్ట్) ఇచ్చిన జాబితాలో గొర్రె, మేక, పంది దాకా ఉన్నాయి గానీ కోడి పేరు లేదు. అలాగని నష్టం కట్టక్కర్లేదని కాదు. పాడైన మడికి విత్తనాలు కొనిచ్చి, నాలుగింటికి వదులుతానన్న మాట ఇవాళే చెప్పి రండి.