పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో డిఫరెన్షియల్ బుష్‌లు

ప్రశ్న: మా బత్తాయి తోటకు వెళ్లిరావడానికి పదిహేనేళ్ల నాటి ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని వాడుతున్నాం. వానలకు తోట బాట బురదగా మారినప్పుడు ఫోర్‌వీల్ వేసి నడిపితే, యాక్సిలరేటర్ వదిలినప్పుడూ, రివర్స్ గేరు వేసి క్లచ్ వదిలినప్పుడూ బండి ముందు భాగంలో అడుగు నుంచి ఇనుము తగిలినట్టు 'టక్' మని శబ్దం వస్తోంది. తారు రోడ్డు మీద టూవీల్‌లో నడిపితే ఈ శబ్దం లేదు. ఒక మెకానిక్ క్రౌన్ పినియన్ పోయిందంటున్నారు, ఇంకొకరు డిఫరెన్షియల్ బుష్‌లు మారిస్తే సరిపోతుందంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు వైపుల చక్రాలకూ పంచే గేర్ల పెట్టె. క్రౌన్ పినియన్ దాని లోపలి ప్రధాన గేర్ల జత, బుష్‌లు ఆ పెట్టెను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు. మీరు రాసిన లక్షణాలను బట్టి రెండో మెకానిక్ మాటకే బలం ఎక్కువగా ఉంది. అయినా బండి విప్పే ముందు మీరే స్వయంగా చూసి నిర్ధారించుకోవడం అవసరం, ఎందుకంటే బుష్‌ల ఖర్చుకూ క్రౌన్ పినియన్ ఖర్చుకూ పొంతన లేదు.

ముందుగా మీ బండికి ఈ బుష్‌లు ఉన్నాయో లేదో చూడండి. మారుతి జిప్సీ వంటి బండ్లలో ముందూ వెనకా డిఫరెన్షియల్ ఇరుసులోనే భాగమై, కమాన్ కట్టల మీద కూర్చుంటుంది కాబట్టి దానికి వేరే బుష్‌లు ఉండవు. అక్కడ శబ్దం వస్తే కమాన్ కట్టల బుష్‌లనే అనుమానించాలి. పాత టాటా సఫారీ ఫోర్ బై ఫోర్ వంటి బండ్లలో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి కాబట్టి, ముందు డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) రబ్బరు బుష్‌ల ద్వారా బిగిస్తారు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, రెండింటినీ పట్టుకుని మధ్యలో రబ్బరు: బుష్ అంటే ఇంతే. ఇంజిన్ బలం చక్రాలకు అందేటప్పుడు డిఫరెన్షియల్ హౌసింగ్ (గేర్లను మూసి ఉంచే బయటి పెట్టె) ఎదురు దిశలో మెలి తిరగాలని చూస్తుంది, ఆ మెలికను ఆపేది ఈ రబ్బరే. అది చిరిగితే హౌసింగ్ ఊగి క్రాస్ మెంబరుకు (ఛాసిస్ అడ్డ దూలానికి) కొట్టుకుంటుంది. చాలా పాత బండ్లలో టూవీల్‌లో ఉన్నప్పుడు ముందు డిఫరెన్షియల్ మీద బలం పడదు కాబట్టి, ఫోర్‌వీల్ వేసినప్పుడే శబ్దం రావడం మంచి ఆధారం. టూవీల్‌లో కూడా వస్తే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (బలాన్ని డిఫరెన్షియల్‌కు చేర్చే పొడవాటి గొట్టం) క్రాస్ జాయింట్లను (దాని కొసల్లో మడిచే కీళ్లను) ముందు చూడమనేవాళ్లం.

నిర్ధారణకు బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ ఆర్పి, హౌసింగ్‌కూ క్రాస్ మెంబరుకూ మధ్య గడ్డపార వంటి చిన్న ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు కొద్దిగా సాగడం సహజం. ఇనుము ఇనుముకు తగిలినా, రబ్బరు గొట్టం నుంచి ఊడి కనిపించినా, క్రాస్ మెంబరు మీద ఒకచోట రంగు పోయి మెరుస్తున్నా బుష్ పనైపోయినట్టే. క్రౌన్ పినియన్ అరిగితే సాధారణంగా వేగాన్ని బట్టి హెచ్చుతగ్గులయ్యే 'గుయ్' మనే మూలుగు వినిపిస్తుంది. డిఫరెన్షియల్ నూనె వదిలే డ్రెయిన్ బిరడా అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని పేస్టు అంటుకుంటే భయం లేదు, ఇనుప ముక్కలు దొరికితేనే డిఫరెన్షియల్ విప్పాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే టకటకలాడితే డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే ముందు డ్రైవ్ షాఫ్ట్ జాయింటును చూడాలి.

బుష్‌లే అని తేలితే అన్నింటినీ ఒకేసారి మార్చండి. ఒక్కటే కొత్తది వేస్తే పాతవి ఊగి దాన్ని కూడా త్వరగా చింపుతాయి. పాత బుష్ లోపలి, బయటి వ్యాసాలను, పొడవును వెర్నియర్‌తో కొలిపించి, ఛాసిస్ నంబరు రాసుకుని కొనడానికి వెళ్లండి. నల్లగొండలో దొరకకపోతే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడగండి.

పని చేసేటప్పుడు ఛాసిస్ కింద స్టాండ్లు తప్పనిసరిగా పెట్టాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరినీ బండి కిందికి వెళ్లనివ్వకండి. హౌసింగ్ కింద చెక్క పెట్టి రెండో జాకీతో బరువు ఆపి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజ్ (బోల్టులు బిగించే పళ్లెం) మీద గుర్తు పెట్టి విప్పాలి. పాత బుష్ ఏ దిశలో ఉందో తీయకముందే గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే కొన్ని బుష్‌ల రబ్బరులో ఖాళీలు ఉంటాయి, అవి ఏ వైపు ఉండాలో తయారీదారు నిర్ణయించి ఉంటారు. పాత రబ్బరును గ్యాస్ మంటతో కాల్చి తీసే అలవాటు మన షెడ్లలో ఉంది. దయచేసి ఒప్పుకోకండి: ఆ పొగ మనిషికి హానికరం, పక్కనే నూనె ఉంటుంది. రబ్బరుకు డ్రిల్‌తో రంధ్రాలు వేసి తొలగించి, మిగిలిన గొట్టాన్ని రంపపు బ్లేడుతో, వెనకున్న బోరు (బుష్ కూర్చునే రంధ్రం) మీద గాటు పడకుండా కోస్తే అది లోపలికి ముడుచుకుని వచ్చేస్తుంది. బోరును ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, సబ్బునీళ్లు రాసి, కొత్త బుష్‌ను లేత్ షాపులో ప్రెస్‌తో నొక్కించండి. నొక్కు బయటి గొట్టం మీదే పడాలి, లోపలి గొట్టాన్ని నొక్కినా సుత్తితో కొట్టినా రబ్బరు మొదటి రోజే విడిపోతుంది. బోరులో బుష్ వదులుగా తిరిగితే వెల్డింగ్ చుక్క పెట్టించకండి, ఆ వేడికి రబ్బరు పట్టు కాలిపోతుంది. ఆ బోరు ఉన్న బ్రాకెట్ మార్చడమే సరైన పని.

బోల్టులన్నీ ముందు చేతితో ఎక్కించి, జాకీ దించి, హౌసింగ్ తన చోట తాను కుదురుకున్నాక, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన కొలతకు టార్క్ పానాతో బిగించాలి.

ఇక బుష్‌లు ఎందుకు పోయాయో చూడకుండా బండిని బయటికి తీయవద్దు. మే నెలలో మన జిల్లాలో 44, 45 డిగ్రీలకు చేరే ఎండ ఏళ్ల తరబడి రబ్బరును గట్టిపరుస్తుంది, దానికి చేసేదేమీ లేదు. కానీ పినియన్ సీలు (షాఫ్ట్ లోపలికి వెళ్లే చోట నూనెను ఆపే రింగు) నుంచి కారే నూనె రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది కాబట్టి, తడి కనిపిస్తే సీలు మార్చండి. బ్రీతర్ గొట్టం (హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే దారి) బురదతో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలు నుంచి కూడా నూనె కారుతుంది, దాన్నీ ఊది చూడండి.

ప్రశ్న: మా బండికి పాలీయురేథేన్ బుష్‌లు వేయమంటున్నారు. శ్రీశైలం ఘాట్‌లో వానకు ఫోర్‌వీల్ వేసే నడుపుతాను. అవి మంచివేనా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: అవి ఒక రకం ప్లాస్టిక్‌తో చేసినవి, రబ్బరు కంటే గట్టివి, నూనెకు అంత త్వరగా చెడవు. అయితే గేర్ల మోత, కంపనం బండి లోపలికి ఎక్కువగా వస్తాయి, బిగించేటప్పుడు సిలికాన్ గ్రీజే వాడాలి. ఇంటివాళ్లతో దూరం వెళ్లే బండికి కంపెనీ రబ్బరు బుష్‌లనే మేం సూచిస్తాం.

మీరు అడగకపోయినా రెండో విషయం అంతకంటే ముఖ్యం. మీ బండిలో మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టుల వేగం తేడాను సర్దేది) లేకపోతే, మలుపుల్లో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి, కానీ ఫోర్‌వీల్ వేస్తే ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. బురదలో టైరు జారి ఆ తేడా తీరిపోతుంది. తారు మీద తీరదు, మెలికగా మారి బుష్‌ల మీద, క్రాస్ జాయింట్ల మీద పడుతుంది. ఘాట్‌లో వాన పడినా తారుకు టైరు పట్టు చాలావరకు ఉంటుంది కాబట్టి అక్కడ టూవీల్‌లోనే, తక్కువ గేరులో నెమ్మదిగా నడపండి. మట్టిబాట పట్టినప్పుడు ఫోర్‌వీల్ వేసుకోవచ్చు.