షార్ట్‌కట్‌లు ఎడమ చేతికి అందేలా పెట్టుకో

తల్లీ, ఆశీస్సులు.

ఆల్బమ్ డిజైనింగ్‌లో చేరావు, ఫోటోషాప్‌లో షార్ట్‌కట్‌లు ఎలా మార్చుకోవాలని అడిగావు. మార్చడం తేలికే. ఏ కమాండ్‌కి ఏ కీ ఇవ్వాలన్నదే ఆలోచించాల్సిన సంగతి. కుడి చేయి ఎప్పుడూ మౌస్ మీదే ఉంటుంది కాబట్టి ఎడమ చేయి చోటు వదలకుండా అందుకునే కీలే నీకు పనికొస్తాయి. ఇమేజ్ సైజ్‌కి ఉన్న కంట్రోల్ ఆల్ట్ ఐ చూడు. ఐ కీ కుడివైపు ఉంది, దానికోసం ప్రతిసారీ మౌస్ వదలాలి. పేరులో మొదటి అక్షరం కదా, గుర్తుంటుందిలే అని అలాంటి దూరపు కీలు ఎంచుకోకు.

మొదటి వారం ఏమీ మార్చకు. ఏ కమాండ్ కోసం మాటిమాటికీ మెనూలోకి వెళ్తున్నావో కాగితం మీద రాసుకో. ఆల్బమ్ పనిలో ఎక్కువగా తేలేవి ఫోటోని అద్దంలోలా తిప్పే ఫ్లిప్ హారిజాంటల్, మసకబార్చే గాసియన్ బ్లర్, ఫోటో అసలు నాణ్యత పోకుండా కాపాడే కన్వర్ట్ టు స్మార్ట్ ఆబ్జెక్ట్. వీటికి ముందుగా కీలు ఉండవు. ఒకేసారి ఐదారుకు మించి మార్చకు, వేళ్లకు అలవాటు కావాలి.

ఎడిట్ మెనూలో అడుగు వైపు కీబోర్డ్ షార్ట్‌కట్స్ ఉంటుంది. కంట్రోల్ ఆల్ట్ షిఫ్ట్ కె నొక్కినా అదే తెరుచుకుంటుంది. ముందుగా పైన సెట్ పక్కనున్న కొత్త సెట్ గుర్తు నొక్కి, నీ పేరు పెట్టి సేవ్ చెయ్యి. అసలు సెట్ చెక్కుచెదరకుండా ఉంటే, నీ సీట్లో ఇంకొకరు కూర్చున్నప్పుడు దాన్ని ఎంచుకుంటే చాలు. తర్వాత అప్లికేషన్ మెనూస్‌లో కావలసిన కమాండ్ మీద క్లిక్ చేసి, కీలు నొక్కి, యాక్సెప్ట్ కొట్టు. మెనూ కమాండ్‌లకు కంట్రోల్ గానీ, పై వరుసలోని ఎఫ్1, ఎఫ్2 లాంటి ఎఫ్ కీ గానీ ఉండి తీరాలి. టూల్స్‌కి మాత్రం ఒకే అక్షరం.

కంట్రోల్‌తో ఎడమవైపు అక్షరాలు దాదాపు అన్నీ నిండిపోయాయి. అందుకే ఎఫ్2, ఎఫ్3, ఎఫ్4 వైపు చూడు. వాటిమీద కట్, కాపీ, పేస్ట్ ఉన్నాయి. కంట్రోల్ ఎక్స్, సి, వి ఉండగా అవి మళ్లీ ఎందుకు? ఆ మూడూ నిశ్చింతగా తీసుకో. ఆ కీ ఇప్పటికే వాడుకలో ఉందని హెచ్చరిక వస్తుంది. అక్కడ పేరు చదవకుండా యాక్సెప్ట్ కొట్టకు, ఆ పేరున్న కమాండ్ తన కీ పోగొట్టుకుంటుంది. టూల్స్‌లో ఎక్స్, డి జోలికి అసలు వెళ్లకు. ముందు, వెనక రంగులు తారుమారు చేసేది ఎక్స్, వాటిని నలుపు తెలుపులకు తెచ్చేది డి. మాస్క్ పనంతా, అంటే ఫోటోలో కొంత దాచి కొంత చూపించే పనంతా, వాటిమీదే నడుస్తుంది.

ఫ్లిప్ హారిజాంటల్ పెట్టేటప్పుడు ఎడిట్ కింద ట్రాన్స్‌ఫార్మ్‌లో ఉన్నదే ఎంచుకో. ఇమేజ్ మెనూలో ఫ్లిప్ క్యాన్వాస్ హారిజాంటల్ అని ఇంకొకటి ఉంది. అది నువ్వు ఎంచుకున్న లేయర్‌ని, అంటే ఆ ఒక్క పొరని కాదు, పేజీ మొత్తాన్నీ తిప్పేస్తుంది, పెళ్లికూతురి పేరుతో సహా. లేయర్లన్నిటినీ ఒకటిగా కలిపేసే ఫ్లాటెన్ ఇమేజ్‌కి మాత్రం ఒక్క వేలికి తగిలే కీ ఇవ్వకు. పొరపాటున నొక్కి, గమనించకుండా సేవ్ చేసి ఫైల్ మూసేస్తే లేయర్లు మళ్లీ రావు.

పెట్టిన కీ పనిచేయకపోతే ముందు యాక్షన్స్ ప్యానెల్ చూడు. యాక్షన్ అంటే రికార్డు చేసి పెట్టుకున్న పనుల వరుస, దానికి అదే ఎఫ్ కీ ఇచ్చి ఉంటే కమాండ్‌ని పక్కన పెట్టి యాక్షనే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో అయితే ఎఫ్ కీలు సౌండ్, వెలుగు మార్చే పనిలో ఉండొచ్చు, ఎఫ్ఎన్ లాక్ మార్చాలి. అక్షరం నొక్కితే టూల్ మారకుండా ఆ అక్షరమే తెరమీద పడుతోందంటే టెక్స్ట్ ఇంకా తెరిచే ఉందన్నమాట. కంట్రోల్ ఎంటర్ కొట్టి బయటికి రా.

మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డ్ కూడా పెట్టుకుంటే, ఆల్ట్ షిఫ్ట్ కలిసిన షార్ట్‌కట్ నొక్కేటప్పుడు భాష మారిపోవచ్చు. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరిచి ఆ జంటను నాట్ అసైన్డ్ చెయ్యి. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ సరిపోతాయి.

అంతా కుదిరాక అదే కిటికీలో సమ్మరైజ్ నొక్కు, కీల పట్టిక ఒక వెబ్‌పేజీగా తయారవుతుంది. ప్రింట్ తీసి మానిటర్ పక్కన అంటించుకో. నీ సెట్ కేవైఎస్ అనే ఫైల్‌గా ఉంటుంది, యాప్‌డేటా, రోమింగ్, అడోబీ లోపల, నీ వెర్షన్ ఫోల్డర్‌లోని ప్రీసెట్స్‌లో. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. సిస్టమ్ ఫార్మాట్ చేసినా, వేరే స్టూడియోకి మారినా అది నీ వెంట ఉంటుంది.

ఇంట్లో గింప్ అనే ఉచిత ఫోటో ఎడిటర్ వాడతానన్నావు. అక్కడా ఎడిట్ మెనూలోనే కీబోర్డ్ షార్ట్‌కట్స్ ఉంటుంది, కమాండ్‌లకు ఒంటి అక్షరాలు కూడా ఇవ్వొచ్చు. నీ కీలు గింప్ 2.10 వెర్షన్‌లో మెనూఆర్‌సీ ఫైల్‌లో, 3.0లో షార్ట్‌కట్స్‌ఆర్‌సీ ఫైల్‌లో ఉంటాయి, దాన్ని దాచుకో.

ఇట్లు,
పెదనాన్న